కప్ప పెట్టెలో గాలి

“మూత మళ్ళీ మీరే తీశారు కదా, మామయ్యగారూ?”

తను పెంచుకుంటున్న కప్ప ఉన్న గాజు పెట్టెలోని తేమ మీటరును భవ్య వేలితో చూపింది. ముల్లు కిందికి దిగి ఎర్ర గీతను తాకుతోంది.

“నేను ముట్టలే,” అన్నాడు మొగిలి, మంచం మీద దగ్గుతూ. “మోరీల మస్తుంటయ్ కప్పలు. గిదొక్కదానికే ఇంత సోకు.”

“చర్మం ఎండితే చచ్చిపోతుంది. మీకు కావలసింది అదేనా?”

“సస్తే సావనీ. దానికోసం పొద్దంత ఏసీ ఏస్తివి. నాకు కన్ను మూతపడ్తలేదు.”

రామగుండం ఎండకు కప్ప తాళలేదని ఏసీ. ఏసీ తేమను పీల్చేస్తుందని పెట్టెకు మూత. ఇంత శ్రమనూ ఈ మనిషి పంతానికి పాడుచేస్తున్నాడని భవ్యకు ఒళ్ళు మండింది. బజారుకు వెళ్తున్నట్టు చెప్పులు వేసుకుని, తలుపు చాటున నిలబడింది.

మొగిలి లేచి మూత తీశాడు. ఆమె దూసుకువచ్చేలోగా పెట్టెలోకి ముఖం వంచి, ఆ తడిమన్ను గాలిని గుండెల నిండా పీల్చాడు. దగ్గు ఆగింది.

“ఏం చేస్తున్నారు?”

అతను ఉలిక్కిపడి మూత పెట్టేశాడు.

“బొగ్గుబాయిల దుమ్ము తిన్న రొమ్ము బిడ్డా. ఏసీ గాలికి ఎండుకపోతాంది. దీంట్లనే జరంత ఊపిరాడుతది.”

ఇంతకాలం భవ్య కొలిచింది గాజుకు లోపలి గాలినే. మీటరును పెట్టెలోంచి ఊడదీసి అతని తలగడ పక్కన పెట్టింది.

ముల్లు ఎర్ర గీతను దాటి, ఇంకా కిందికి దిగుతూనే ఉంది.