రెండు ఐరన్ క్రాసులు

"ఇక్కడ వదిలి వెళ్లు, శుభ్రం చేసి ఇస్తాను," అన్నాడు ఉదయభాస్కర్, బల్లమీది నల్లటి తోలు పెట్టె వైపు చెయ్యి చాస్తూ.

శ్రీవత్స పెట్టెను తనవైపు లాక్కున్నాడు. "వద్దంకుల్. ఇలాగే బాగుంది."

ఉదయభాస్కర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనిక పతకాలను, అదీ అప్పటి పెట్టెలతో సహా సేకరించడం ఆయనకు ఏళ్లనాటి పిచ్చి. మౌంట్ ఆల్బర్ట్‌లో ఆయన అద్దాల బీరువా చూడడానికి స్థానిక కివీ పెద్దమనుషులు కూడా వస్తారు. తెలుగువాళ్లలో ఆ పిచ్చి అంటుకున్నది శ్రీవత్స ఒక్కడికే. అతను హెండర్సన్‌లో ఇల్లు కొనుక్కుంటే, గృహప్రవేశానికి వచ్చిన వాళ్లందరి ఎదుటా ఉదయభాస్కర్ ఒక ఐరన్ క్రాస్ పతకం బహూకరించాడు. "నా దగ్గరున్న రెండింట్లో ఒకటి," అని కూడా చెప్పుకున్నాడు. చప్పట్లు మోగాయి. శ్రీవత్స వంగి కాళ్లకు దండం పెట్టాడు.

పెట్టె అసలుదే, ఎక్కడో ఖాళీగా దొరికింది. లోపలి పతకం మాత్రం నకలు.

అసలుది ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మామూలు కానుకతో సరిపెట్టడానికి గొప్ప అడ్డొచ్చింది. ఆ తర్వాత సిగ్గు పట్టుకుంది. తన పెట్టెను తెరిచి చూసుకోవడం కూడా మానేశాడు మహానుభావుడు.

ఆదివారం సేకర్తల ప్రదర్శన. రెండు క్రాసులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూపించమన్నారు. భూతద్దం పట్టిన ఎవరికైనా తెలిసిపోతుంది. అసలుదాంట్లో ఇనుప ముక్క చుట్టూ వెండి అంచు అతికి ఉంటుంది, నకలు మొత్తం ఒకటే పోత. ఆ తేడా శ్రీవత్సకు నేర్పింది కూడా ఈయనే. కానీ అంకుల్ ఇచ్చినదాన్ని కుర్రాడు అనుమానించి ఉండడు. నకలు తన పెట్టెలో తేలితే తానే మోసపోయానని చెప్పుకోవచ్చు. గుట్టుగా మార్చేద్దామని పిలిపిస్తే, పెట్టె వదలడం లేదు.

ఆయన భార్య నిరుపమ కాఫీలు తెచ్చిపెట్టింది. "చల్లారిపోతుంది, తాగు బాబూ," అని లోపలికి వెళ్లింది.

"ప్రదర్శనలో నాది పెట్టొద్దంకుల్," అన్నాడు శ్రీవత్స తల దించుకుని. "మీరిచ్చిందాన్ని నలుగురూ పట్టుకుని చూడడం నాకిష్టం లేదు."

ఆ మాటతో ఉదయభాస్కర్ చితికిపోయాడు. తనిచ్చిన డొల్ల ముక్కను ఈ అమాయకుడు దేవుడి పటంలా చూసుకుంటున్నాడు. ఇంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

లేచి, బీరువాలోంచి తన పెట్టె తీసి, తెరవకుండానే అతని ముందుకు తోశాడు.

"నీకిచ్చింది నకలు, శ్రీవత్సా. తెలిసే ఇచ్చాను. అసలుది ఇదిగో, తీసుకో. నీ మొహం చూడలేకపోతున్నాను."

శ్రీవత్స ఆ పెట్టెను ముట్టుకోలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పోయిన దీపావళికి మీ ఇంటికొచ్చినప్పుడే పతకాలు మార్చేసుకున్నానంకుల్."