మచ్చ లేని ముప్పై ఏళ్లు

"ఇంకో నలభై పౌండ్లా? దేనికి?" ఐరిస్ కసిరింది.

కారు బీమా గడువు దగ్గరికొచ్చింది. మామూలుగా కట్టేదాని మీద ఇంకో నలభై పౌండ్లు కడితే, ఎక్కడైనా గుద్ది క్లెయిమ్ చేసినా ఏటా వచ్చే రాయితీ, నో క్లెయిమ్ బోనస్, పోదట. కట్టాల్సిందేనని ఆమె భర్త లెనార్డ్ పట్టుపట్టాడు.

"ముప్పై ఏళ్లుగా మన పాలసీ మీద ఒక్క క్లెయిమ్ లేదు. ఈ ఓట్లీ ఊళ్లో ఇంకెవరికైనా ఉందా ఆ ఘనత? ఇన్నాళ్లూ లేని భయం ఇప్పుడెందుకు పుట్టుకొచ్చింది?"

"వయసు మీద పడుతోంది, ఐరిస్."

"నీకు పడుతోంది. మధ్యలో నన్ను కలపకు."

లెనార్డ్ వాలకం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కిందటి వారమే కారు వెనక తలుపు గేటు స్తంభానికి బర్రుమని గీసుకుంది. "నేనే. చూసుకోలేదు" అన్నాడు తల దించుకుని. ఎటు తిప్పుతుంటే తగిలిందని ఐరిస్ నిలదీస్తే నీళ్లు నమిలాడు.

నలభై పౌండ్లూ కట్టేశాడు. రెండు నెలలైనా తిరక్కముందే కారు దెబ్బకి పక్కింటి ప్రహరీ కూలింది. ఆ ఇంటివాళ్లు స్పెయిన్‌కి సెలవులకెళ్లారు కాబట్టి అప్పటికి గొడవ తప్పింది. బీమా కంపెనీకి మాత్రం ఫోన్ చేయక తప్పలేదు.

"ఎంత వేగంలో ఉన్నారు సార్?" స్పీకర్లో అవతలి అమ్మాయి అడిగింది.

"నెమ్మదిగానే... అనుకుంటాను."

"బ్రేకు వేశారా?"

లెనార్డ్ దిక్కుతోచక ఐరిస్ వైపు చూశాడు. ఆమె నెత్తి కొట్టుకుంది. "నన్ను చూస్తావేం? నడిపింది నువ్వు!"

"మీ బోనస్‌కి ఢోకా లేదు సార్" అంది అమ్మాయి చివర్లో. "కానీ వచ్చే ఏడాది అసలు ధర పెరుగుతుంది. మీరు కట్టింది రాయితీ పోకుండా ఉండడానికే. ధర పెరగకుండా ఉండడానికి కాదు."

"విన్నావా?" ఐరిస్ అందుకుంది. "ధర పెంచేసి, ఆ పెంచినదాంట్లో రాయితీ ఇస్తారట! ఆ నలభై పెట్టి చేపల వేపుడు తిన్నా ఒంటికి పట్టేది."

ఆ ఆదివారం లీడ్స్ నుంచి కూతురు జిలియన్ వచ్చింది. అల్మరాలో ఏదో వెతుకుతూ ఆగిపోయింది.

"నాన్నా, కారు తాళం ఓట్స్ డబ్బాలో ఏం చేస్తోంది?"

"నేనే పెట్టాను."

"ఓట్స్ డబ్బాలోనా? ఎందుకు?"

ఐరిస్ కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"మా అమ్మకి ఇలాగే మొదలైంది జిల్. వస్తువులు ఎక్కడెక్కడో పెట్టేది. చివరికి నన్ను చూసి, ఈ నర్సు ఎవరని అడిగేది. అన్నిటికంటే ఘోరం ఏంటో తెలుసా? తనకేదో అవుతోందని మొదట్లో అమ్మకి తెలుసు. రాత్రింబవళ్లు ఆ భయంతోనే వణికిపోయింది. ఇప్పుడు మీ నాన్నకి ఆ సంగతి ఏ నోటితో చెప్పను?"

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తలుపు అవతలే నిలబడి లెనార్డ్ అంతా విన్నాడు. కాసేపటికి ఐరిస్ కళ్లు తుడుచుకుని టీ పట్టుకొచ్చింది.

"ఇందాకే ఇచ్చావుగా" అన్నాడు.

"అయితే ఇంకోటి తాగు. అరిగిపోతావా?"

కప్పు అందుకుని తాగాడు.

నవంబరులో ఒక వాన మధ్యాహ్నం, బడి ముందు కారు పేవ్‌మెంట్ ఎక్కి అక్కడి స్తంభాన్ని విరిచేసింది. పిల్లలు అప్పటికే ఇళ్లకి వెళ్లిపోయారు. ముందు దీపం పగిలి వేలాడుతున్న కారుని చూసి లెనార్డ్ మొహం పాలిపోయింది. వానలోనే నడిచి వెళ్లి చూసొచ్చి, స్తంభం విరిచింది తనేనని కౌన్సిల్ ఆఫీసుకి తనే ఫోన్ చేసి చెప్పాడు.

సాయంత్రానికల్లా జిలియన్ దిగింది.

"ఇక చాలు నాన్నా. ఆ సమయానికి అక్కడ పిల్లలుంటే?"

పెద్ద యుద్ధానికే సిద్ధపడి వచ్చిందామె. లెనార్డ్ మాత్రం కిక్కురుమనకుండా లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిజమేనమ్మా. రేపే కారు అమ్మేద్దాం."

"అమ్మడం దేనికి? నువ్వు మానెయ్. అమ్మ నడుపుతుంది. పాలసీలో అమ్మ పేరు కూడా ఉందిగా."

"నడపడానికి వీల్లేదు."

"ఎందుకని?"

"వీల్లేదన్నానుగా."

"నీకు చేతకాకపోతే ఇంకెవరూ నడపకూడదా? ఇంత స్వార్థమేంటి నాన్నా? అమ్మ వారం సరుకులు మోసుకుంటూ బస్సులో రావాలా? కారు లేకుండా రెండేళ్లు గడిస్తే ఆ బోనస్ కూడా చెల్లదు. ముప్పై ఏళ్లది, గాలికి పోతుంది!"

"పోతే పోనీ! అమ్మేస్తున్నామంతే!"

లెనార్డ్ అంత గట్టిగా అరవగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. జిలియన్ మొహం తిప్పుకుని కోటు అందుకుంది.

ఐరిస్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలే జిల్. తను నడపలేని కారు కళ్లెదుట ఉంటే మీ నాన్న తట్టుకోలేడు. నాకు బస్సు చాలు." వంగి అతని చెవిలో మెత్తగా అంది. "భయపడకు లెన్. నీకేమైనా నేనున్నానుగా, చూసుకుంటాను."

లెనార్డ్ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మూడుసార్లూ కారు గుద్దుకున్నప్పుడు లెనార్డ్ ఇంట్లోనే ఉన్నాడు. దాన్ని నడిపి తెచ్చిన ఐరిస్‌కి, గడప దాటి లోపలికి వచ్చేసరికి, అసలు బయటికి వెళ్లిన సంగతే గుర్తులేదు.