ఇనుప ముళ్లు

"ఆ ముళ్లతో చెట్టెక్కడానికి వీల్లేదు," అంది మానస.

పోశయ్య ఎత్తిన కాలు కిందికి దించాడు. రెండు కాళ్లకూ ఇనుప ముళ్ల పట్టీలు కట్టుకుని, నడుముకు బెల్టు బిగించుకుని, నిద్రగన్నేరు చెట్టులో మొదటి ముల్లు దింపబోతున్నాడు. నాచారం రోడ్డు పక్కన కరెంటు తీగల మీదికి పాకిన కొమ్మల్ని ఆ రోజు కొట్టేయాలి. దానికోసం కరెంటు ఆపారు. దుకాణాల వాళ్లు అప్పటికే బయటికొచ్చి విసుక్కుంటున్నారు.

మానస తోటల విభాగంలో కొత్తగా చేరిన ఆఫీసరు. ఉప్పల్ నుంచి కాప్రా దాకా రోడ్ల పక్క చెట్ల పనులన్నీ ఆమె చూడాలి.

"ఎందుకు వీల్లేదు మేడం?" అన్నాడు పోశయ్య. మేడం అన్న మాటను కొంచెం ఒత్తి పలికాడు.

"ముల్లు దిగిన చోటల్లా బెరడు కింది పొర తెగుతుంది. ఆ గాయాల్లోంచి పురుగు పడుతుంది, కుళ్లు పట్టుకుంటుంది. మొదలంటా కొట్టేసే చెట్టుకైతే ఫరవాలేదు. బతకాల్సిన చెట్టుకు ముళ్లు వాడకూడదు."

"ఇరవై ఏండ్ల సంది ఎక్కుతున్న. ఒక్క చెట్టన్న సచ్చిందా?"

"తర్వాత వెళ్లి చూశారా?"

పోశయ్య ముళ్ల కాలును నేలకేసి తట్టాడు.

"గీ ముళ్ల మీదనే ఇల్లు నడిపిన. పిల్లల్ని సదివిచ్చిన," అన్నాడు.

మానస తలెత్తి కొమ్మల వైపు చూస్తూ నిలబడింది.

కాంట్రాక్టరు ఉమాపతి మధ్యలోకి వచ్చాడు. "పోయిన వారం ఏఎస్ రావు నగర్ల మా బాలరాజు గిసొంటి ముళ్లతోనే ఎక్కిండు మేడం. మీరు గాడనే ఉన్నరు. ఏమనలే."

"అప్పుడు చూసుకోలేదు."

"మా దగ్గర పోశయ్యంత పనోడు లేడు. మొన్న కాప్రాల కాలు జారి, బెల్టుకు ఏలాడిండు. కిందికి దించి నీళ్లు తాపితే, మల్ల ఎక్కి పని ఖతం జేసే దిగిండు. గసొంటి మనిషి దొరుకుతడా?"

"ముళ్లు వద్దు," అంది మానస.

పోశయ్య వంగి పట్టీలు విప్పసాగాడు. "సరే, ముళ్లు లేకుంటనే ఎక్కుత. తాడున్నది."

"తాడుతో ఎక్కాలంటే ట్రైనింగ్ అయ్యుండాలి. డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం ఉండాలి. ఉందా?"

పోశయ్య ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "లేదని మీకు తెల్వదా?"

"అయితే నువ్వు ఎక్కద్దు."

పక్కనే చాయ్ బండి దగ్గర కౌసల్యమ్మ గ్లాసులు కడగడం ఆపింది. "ఏంది బిడ్డా, గంత పెద్ద మనిషిని పట్టుకొని నువ్వంటవా? నౌకరి రాంగనే కండ్లు నెత్తికెక్కినయా?"

మానస ముఖం ఎర్రబడింది. అయినా అక్కడినుంచి కదల్లేదు.

ఉమాపతి చేసేది లేక, వీధి దీపాలు బాగుచేసేటప్పుడు వాడే లిఫ్టు బండి తెప్పించాడు. అది వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బాలరాజు దాని బుట్టలో నిలబడి పైకి లేచి, కొమ్మలు కోశాడు. పోశయ్య కింద తాళ్లు పట్టుకుని, కోసిన కొమ్మల్ని రోడ్డు మీద పడకుండా దించాడు. ఇక ముందు ఆయన పని అదేనని ఉమాపతి చెప్పాడు. "అన్ని చోట్లా గీ మేడమే ఉంటది. నేనేం జెయ్యాలె?"

పోశయ్య తలూపాడు. బాలరాజు ఒక కొమ్మను వంకరగా కోస్తుంటే, పైకి చూసి ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

పని అయ్యాక ముళ్ల పట్టీలను గోనెసంచిలో చుట్టి ఉమాపతికి ఇచ్చాడు. అన్నేళ్లుగా వాటిని ఇంకొకరిని ముట్టుకోనిచ్చింది లేదు.

"పాత ఇనుప సామానోనికి ఏసెయ్ సార్. ఇగ నాకెందుకు?"

కౌసల్యమ్మ ఆయన్ని పిలిచి చాయ్ ఇచ్చింది. మానస వైపు తిరగకుండానే, ఆమెకు వినపడేటట్టు అంది.

"చెట్టు మీదున్న జాలి మనిషి మీద లేకపాయె."

పోశయ్య చాయ్ తాగి గ్లాసు పెట్టేశాడు. లారీ కొమ్మలతో వెళ్లిపోయింది. దుకాణాల్లో లైట్లు వెలిగాయి.

పోశయ్య రోడ్డు పక్కన తన బండి స్టార్టు చేయగానే మానస వచ్చి వెనక కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇయ్యాల్టి సంది అమ్మ నిద్రపోతది, నాన్నా," అంది.