చెయ్యి తగలకుండా

"ఆగు అప్పారావూ! చెయ్యి తగలనీకు. నేను మోటారుతో తిప్పుతాను" అన్నారు శోభనాద్రి మాస్టారు.

టెలిస్కోపు మీదికి వంగబోతున్నవాణ్ణి ఆగిపోయాను.

అది రెండు వేల నాలుగు జూన్. సూర్యుడి మీదుగా శుక్రుడు వెళ్తున్న రోజు. గుడివాడలో మాస్టారి డాబా మీద, నల్ల ఫిల్టరు బిగించిన టెలిస్కోపు ముందు జనం వరస కట్టారు.

మాది బందరు పక్క గిలకలదిండి. మావాళ్ళవి పడవలు, నాది టేపురికార్డర్ల రిపేరు. "చెయ్యి తగలకుండా ఫోకస్ తిరిగేలా మోటారు పెట్టివ్వు" అని ఆయన నెల కిందట అడిగారు. చెయ్యి తగిలితే టెలిస్కోపులో బొమ్మ ఊగుతుంది, సంగతి తెలిసిన మనిషి కదా అనుకున్నాను. పాత టేపురికార్డరు మోటారు తీసి, పళ్ళచక్రాలు ఆకురాయితో అరగదీసి, బెల్టు వేసి, రెండు బటన్ల పెట్టె కూడా చేసిచ్చాను.

ఇందాక ఆయన బావమరిది పిల్లలు వస్తే మాస్టారే ఆ బెల్టు ఊడదీశారు. వాళ్ళు చేత్తోనే తిప్పుకున్నారు. బొమ్మ ఊగిపోయింది. ఆయన మురిసిపోయారు. నా వంతు రాగానే బెల్టు మళ్ళీ తగిలించారు.

"వాళ్ళు చేత్తో తిప్పారు కదండీ?"

"వాళ్ళూ నువ్వూ ఒకటా? చేపలు పట్టే చేతులు మీవి. అందుకేగా ఈ మోటారు పెట్టించింది!"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయితే ఆ బటన్ల పెట్టె ముందు కింద పెట్టండి మాస్టారూ" అన్నాను. "దాంట్లో నా చెయ్యి తగలని చోటెక్కడుందో వెతుక్కుని, అక్కడ పట్టుకోండి."