ఫోకస్‌లో ఒక్కరే

చర్చిలో లైట్లన్నీ ఆపించింది పెళ్ళికొడుకేనని తెలియగానే ఫోటోగ్రాఫర్‌కి ఒళ్ళు మండింది.

కొవ్వొత్తులట! కొవ్వొత్తుల వెలుగులో ప్రమాణాలు చేసుకుంటే మనసుకి హాయిగా ఉంటుందట. ఆ మహానుభావుడికి ఎవరు చెప్పారో మరి. పైగా ఫ్లాష్ వెలగడానికి వీల్లేదన్నారు పాస్టరుగారు. ప్రార్థన చెదిరిపోతుందట. ఇక ఆమెకి మిగిలింది చేతిలో కెమెరా, కడుపులో మంట.

రంగేసుకున్న మీసానికి చీకటే మంచిదిలే, అనుకుంది లెన్స్ తుడుచుకుంటూ.

పెళ్ళికొడుకు ఎదురొచ్చాడు. కోటు భుజాల దగ్గర వదులు, పొట్ట దగ్గర బిగువు. మీసం రంగు మీసం దాటి పెదవి మీదికి దిగింది.

“నన్నెక్కడ నిలబడమంటావు తల్లీ?” అన్నాడు బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని.

“మీరెక్కడ నిలబడ్డా ఒకటేనండీ.”

ఎగతాళి అర్థమైతేగా! బుద్ధిగా తలూపి, కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు నిలబడి చూసుకున్నాడు. ఇలాంటివాణ్ణి ఏం చూసి ఒప్పుకుందో ఈ పెళ్ళికూతురు! ఎవరూ దొరక్కపోతే ఊరుకోవచ్చుగా?

అంతలో పియానో మొదలైంది. అన్నయ్య చెయ్యి పట్టుకుని పెళ్ళికూతురు లోపలికి వచ్చింది. ఫోటోగ్రాఫర్ ముందుకి వంగింది.

“మరీ దగ్గర్నుంచి వద్దు,” అంది పెళ్ళికూతురు పెదవులు కదపకుండా.

వెలుగు తక్కువైతే లెన్స్ కన్ను పూర్తిగా తెరవాలి. అలా తెరిస్తే ఒక్క మొహమే స్పష్టంగా పడుతుంది. ముందూ వెనకా ఉన్నవన్నీ అలుక్కుపోతాయి. ఏ మొహం పడాలన్నది కెమెరా పట్టుకున్నవాళ్ళ ఇష్టం.

ఆమె ఇష్టమేమిటో మొదటి ఫోటోకే తేలిపోయింది. పెళ్ళికూతురి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. పక్కన పెళ్ళికొడుకు ఆవిరి పట్టిన అద్దంలో మొహంలా ఉన్నాడు. రెండో ఫోటోలోనూ అంతే. మూడోదాంట్లో స్తంభం అడ్డొచ్చి ఆ కాస్తా పోయాడు. ఆమె స్తంభాన్ని మనసులోనే మెచ్చుకుంది.

పాట మొదలైంది. అందరికంటే గట్టిగా పాడుతున్నది ఎవరనుకున్నారు, పెళ్ళికొడుకే. రాగం ఒకదారి, ఆయనొకదారి. పియానో వాయించేవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అయినా ఆ మనిషి గొంతు తగ్గించలేదు సరికదా, కళ్ళు కూడా మూసుకున్నాడు.

ముందు వరసలోంచి పెళ్ళికొడుకు అక్క చెయ్యి చాచి ఫోటోగ్రాఫర్ మోచెయ్యి పట్టుకుంది.

“ఏమ్మా, నీ కెమెరాకి మా తమ్ముడంటే గిట్టదా? ఎంతసేపూ అటే తిప్పుతున్నావు.”

“కెమెరాకి అలాంటివేం ఉండవండీ. వెలుగు అటువైపుంది.”

అబద్ధం. వెలుగు ఇద్దరి మీదా సమానంగానే పడుతోంది.

ఉంగరాల దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికొడుకు పట్టు జారింది. ఇంకేముంది, ఉంగరం టింగుమని రాతినేల మీద పడి బల్లల కిందికి దొర్లిపోయింది. జనం ఫోన్ లైట్లు వేశారు. పాస్టరుగారు కళ్ళతోనే ఆర్పించారు.

“ఎవరూ కదలొద్దు. నేనే వెతుకుతా,” అంటూ పెళ్ళికొడుకు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ కూలబడ్డంలో కోటు వీపు దగ్గర చర్రుమని చిరిగింది.

భేష్, అనుకుంది ఫోటోగ్రాఫర్. ఇదొక్కటే తక్కువైంది.

ఆయన ఒక కొవ్వొత్తి తీసుకుని బల్ల కిందికి దూరాడు. కాసేపు ఆయన బూట్లు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత “దొరికింది!” అని కేక వినిపించింది. చర్చిలో అంత గట్టిగా అరవకూడదని కూడా తెలియదు మనిషికి.

పెళ్ళికూతురు నవ్వింది. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసేసి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వుతూనే తనూ వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, వేలు చాపింది. వాళ్ళకోసం పాస్టరుగారే కిందికి వంగాల్సి వచ్చింది.

ఇద్దరి మధ్యా ఒకే కొవ్వొత్తి. రెండు మొహాలూ కెమెరాకి ఒకే దూరంలో ఉన్నాయి. ఈసారి ఒకరిని వదిలేసి ఒకరిని తీయడం ఆమె చేతుల్లో లేదు. పళ్ళు బిగించి నొక్కింది.

కెమెరా వెనక తెర మీద చూసుకుంది. పెళ్ళికూతురు ఎంత స్పష్టంగా ఉందో ఆయనా అంతే ఉన్నాడు, మీసం రంగుతో సహా. వెర్రి నవ్వొకటి. దిక్కుమాలిన ఫోటో, ఆ రోజు తీసినవాటన్నిటికంటే బాగా వచ్చింది. చెరిపేద్దామని బొటనవేలు బటన్ దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

ప్రార్థన ముగిశాక వేదిక మెట్ల మీద ఫ్యామిలీ ఫోటోకి నిలబెట్టారు. కెమెరాని స్టాండుకి బిగించి, ఆమె అందర్నీ సర్దింది. పెళ్ళికొడుకు అక్క, ఆవిడ భర్త ఒకవైపు. పెళ్ళికూతురి అన్నయ్య, వదిన ఇంకోవైపు.

“ఇంకొంచెం దగ్గరికి జరగండి. మీరు కాదండీ, మీరు ఇప్పటికే చాలా దగ్గరగా ఉన్నారు,” అంది పెళ్ళికొడుకుతో.

ఆయన గబుక్కున అరడుగు జరిగాడు.

“అందరూ వచ్చినట్టేనా? తియ్యనా?”

పెళ్ళికూతురు ఆయన్ని ఇంకొంచెం పక్కకి నెట్టి, ఇద్దరి మధ్యా జాగా చేసింది.

“అందరూ ఎక్కడొచ్చారు? ఆ కెమెరాకి టైమర్ పెట్టి నువ్వూ ఇలా రావే, పెళ్ళికూతురి కూతురు లేకుండా ఫ్యామిలీ ఫోటో ఏంటి!”