గొంగడి ఆరేసిన పక్క

తొండుపల్లిలో నేను అమ్మిన భూమికి ఇప్పుడు నేనే వాచ్‌మన్‌ను. కొన్న సేటు ఇక్కడికి రాడు. ఫోన్లో ఫొటో చూసి, ప్లాట్లకు అడ్డమున్నదాని మీదికి జేసీబీ పంపుతాడు. నా బావి అట్లే పూడింది.

చుట్టూ తిప్పి చూసే ఫొటో తీయడానికి సేటు పంపితే సంతోషి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో పెడితే గేటు ఉబ్బింది, ప్రహరీ వంగింది.

“ఒక పక్క తక్కువైంది తాతా. ఆడ నువ్వు మంచం నిలవెట్టి గొంగడి ఆరేసినవని తియ్యలే. జర జరుపు, మళ్ల తీస్త.”

“జరప. గొంగడి ఆరాలె.”

“సేటుకు చెప్పాల్నా?”

“చెప్పుకో పో.”

ఆమె మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒక పక్క లేని ఫొటోను కూడా పూర్తి చుట్టు అనుకుని ల్యాప్‌టాప్ సాగదీస్తోందట, అందుకే గోడ వంగిందట. ఎంత మేర తీసిందో అంకె కొట్టింది. ప్రహరీ నిటారుగా నిలిచింది. తిప్పితే బొమ్మ నా మంచం దాకా రాకముందే ఆగిపోయింది.

“ఇగ గింతే, సేటుకు పంపుత. ఆ పక్క ఏమన్న ఉందా తాతా?”

“ఏం లేదు.”

ఆమె కారు పోయాక మంచం వాల్చాను. గొంగడి పొద్దుటి నుంచీ పొడిగానే ఉంది. దాంతోనే, మంచం చాటున ఉన్న నా భార్య తారాబాయి సమాధి మీది ఆకులు దులిపాను.