నత్తకు కుదిరిన సంబంధం

“సైథాన్ అన్నానంటే సైథానే!” బావమరిది బల్ల మీద చరిచాడు. మౌస్ ఎగిరి కింద పడింది.

“ఆట కొనే కంపెనీ ఆవిడ నాలుగింటికల్లా వస్తుందిరా. మూడు దాటింది. సీటైప్స్‌తో కానిచ్చేద్దాం,” మౌస్ తీసి లాల్చీకి తుడుస్తూ బతిమాలాడు బావ.

“నా సీ లైబ్రరీని సీటైప్స్‌తో తగిలిస్తావా? కొత్త చొక్కాకి గుండీ బదులు పిన్నీసు పెట్టినట్టుంటుంది బావా!”

కంప్యూటర్ ఆట బావది, పైథాన్ భాషలో రాశాడు. వడగళ్ల వానలో ఒక నత్త రోడ్డు దాటాలి. ఒక్క రాయి తగిలినా దాని పని సరి. కానీ రాళ్లు వందల్లో పడేసరికి, ఏది తగిలిందో ఏది తగల్లేదో లెక్క తేల్చలేక పైథాన్‌కు ఆయాసం వస్తోంది. తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. ఆ లెక్కలు చిటికెలో తేల్చే లైబ్రరీని బావమరిది సీ భాషలో రాసిపెట్టాడు. మిగిలింది రెండింటినీ కలపడమే. సైథాన్‌తో కలపాలా, సీటైప్స్‌తోనా అని పొద్దుటి నుంచీ రగడ. ఆవిడ ఈ ఆట తీసుకోనంటే, సోమవారం నుంచి బావ మళ్లీ పాత ఆఫీసులో, పాత మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ చప్పుడుకు బావ భార్య గుమ్మంలోకి వచ్చింది. “అసలు తేడా ఏమిటండీ?”

“సీటైప్స్ అంటే రెండు గదుల మధ్య గోడకి కన్నం పెట్టి మాట్లాడుకోవడం. సైథాన్ అంటే గోడ పడగొట్టి హాలు చేసుకోవడం,” అన్నాడు బావ.

“హాలే బాగుంటుందక్కా!” బావమరిది అందుకున్నాడు.

“ఒరేయ్, చుట్టాలు గుమ్మంలోకొచ్చే వేళ గోడ పడగొడతారట్రా? కన్నం పెట్టి ఊరుకోండి. ఇన్నేళ్లుగా మీ ఇద్దరి మధ్యా నేను చేస్తున్న పనీ అదేగా.”

బావమరిది మూతి ముడిచాడు గానీ, కుర్చీ లాక్కున్నాడు. సీ పంపేది దశాంశమని చెప్పడం మరిచారు. సీటైప్స్ దాన్ని పూర్ణాంకంగా చదువుకుని, ఆమడ దూరంలో ఉన్న రాయి కూడా నత్తకు తగిలిందంది.

“చెప్పానా!”

“నోరు మూసుకుని సరిచెయ్యరా, నీకు పుణ్యముంటుంది.”

సరిచేశారు. పాత లెక్కలతో పోల్చారు. అన్నీ సరిపోయాయి. ఒకసారి ఆడి చూద్దామనుకునేలోగా కాలింగ్ బెల్ మోగింది.

కంపెనీ ఆవిడ భుజాన బ్యాగు దించకుండానే కూర్చుని బటన్ నొక్కింది. రెప్ప వేసేలోగా రోడ్డు మధ్యలో నత్త వెల్లకిలా ఉంది. చుట్టూ వడగళ్ల గుట్ట.

“చూశారా మేడం, ఎక్కడా ఒక్క కుదుపు లేదు!” బావమరిది కాలరు సర్దుకున్నాడు.

బావకు అప్పుడు వెలిగింది. తెర మీద బొమ్మ గీసిన ప్రతిసారీ రాళ్లు ఒక మెట్టు దిగాలని రాసింది తనే. ఇన్నాళ్లూ వాటిని గాలిలో పట్టి ఉంచింది పైథాన్ ఆయాసమే. ఇప్పుడు ఆ ఆయాసం పోయింది, రాళ్లన్నీ ఒక్కసారే దిగిపోయాయి.

“బొమ్మ ముద్దుగా ఉందండీ,” ఆవిడ వాచీ చూసుకుంది. “మరి ఆట ఎప్పుడు మొదలవుతుంది?”

“అయిపోయిందండీ,” అన్నాడు బావ.